అర్థమైందని రాసుకున్నారు

లెక్కల పేపర్లన్నీ ఒక్కో దెబ్బకే దాటేసిన నేను మాట పేపరు దగ్గర రెండుసార్లు బొక్కబోర్లా పడ్డాను. మాట పేపరు అన్నది మా అమ్మ పెట్టిన పేరు. పరీక్ష పెట్టేవాళ్లు దాన్ని కమ్యూనికేషన్స్ అంటారు. వెయ్యి మందిలో ఏడాదికి ఎంతమంది పోతారు, ఎంతమందికి చేతులు విరుగుతాయి అని లెక్కగట్టి బీమా ధర తేల్చేవాళ్లు ఆక్చువరీలు. ఆ పనికి చదివేవాళ్లకు ఈ ఒక్క పేపర్లో లెక్కలు ముఖ్యం కావు. ఒక చిక్కు వ్యవహారం ఇచ్చి, దాని గురించి ఏమీ తెలియని మనిషికి అర్థమయ్యేలా ఉత్తరం రాయమంటారు. ఆ మనిషికి తెలియని మాట పడితే మార్కులు కోస్తారు.

సూరత్‌లో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య పుట్టి పెరిగిన పిల్లకు మామూలు మనుషులతో మాట్లాడటం రాదని రెండుసార్లు తేల్చారు. నాకు ఒళ్లు మండిపోయింది.

హోలీ వెళ్లిన వారం జరీవాలా సార్ నన్ను గదిలోకి పిలిచాడు. రింగ్ రోడ్డులో బట్టల మార్కెట్ల మధ్య, నాలుగో అంతస్తులో మాది చిన్న బీమా సలహాల ఆఫీసు. ఆయన దాని యజమాని, నాకు పని నేర్పిన మనిషి కూడా.

“హారతిబేన్, నీ ఉత్తరాలు కలెక్టరాఫీసు నోటీసుల్లా ఉంటున్నాయి” అన్నాడు హిందీలో. “మీ ఇంట్లో చదువు లేనివాళ్లకు చదివి వినిపించు. వాళ్లు తల ఊపితే పరీక్షకుడూ ఊపుతాడు.”

మా ఇంట్లో అందరికంటే తక్కువ చదివింది అమ్మే. కానీ మా అమ్మ పోశమ్మకు ఏదైనా చదివి వినిపించడమంటే కయ్యానికి కాలు దువ్వడమే. రెండో వాక్యం దగ్గరే “ఆగు, గదెందుకు?” అంటుంది. పరీక్షకు అంత తీరిక లేదు. బాపునే పట్టుకున్నాను.

బాపు పేరు సోమలింగం. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఖటోదరాలో ఒకే కార్ఖానాలో సాంచాలు నడుపుతున్నాడు. రాత్రి పాళీ దిగి పొద్దున ఏడున్నరకు లింబాయత్‌లోని మా ఇంటికి వచ్చేవాడు. చొక్కా నిండా మిషన్ నూనె వాసన. గడప పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని సాసర్‌లో చాయ్ పోసుకుని, నా మొహంలోకి చూసేవాడు. నేను తెలుగులో రాసుకున్న ఉత్తరం చదివేదాన్ని. ముందు తెలుగులో బాపుకు చెప్పినట్టు రాసి, తర్వాత అదే ఇంగ్లిషులోకి తెచ్చుకోవడం నా కొత్త పద్ధతి.

“మీ పాలసీ మీద ఈ ఏడు బోనస్ తగ్గింది. ఎందుకు తగ్గిందో చెబుతాను...”

బాపు తల ఊపాడు.

“అర్థమైందా?”

మళ్లీ ఊపాడు. ఈసారి ఇంకా గట్టిగా.

“నీకు అసలు ఇనవడ్డదా?” అని కేకేసింది అమ్మ స్టవ్ దగ్గర నుంచి.

“పెదవులు గనవడుతున్నయి గదనే. బిడ్డ మంచిగ రాసింది.”

“ఏం రాసిందో జెప్పు జర.”

“నీకు జెప్పితె సమజైతదా?” అన్నాడు బాపు. ముగ్గురం నవ్వుకున్నాం.

కార్ఖానాలో తల ఊపడమే మాట. నూరు సాంచాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కవాడి అరుపు కూడా చెవిన పడదు. మాస్టర్ వచ్చి ఏదో అంటాడు. మళ్లీ చెప్పమనాలంటే సాంచా ఆపాలి. ఆపితే బట్ట ఆగుతుంది, మాస్టర్ మొహం మాడుతుంది. అందుకని తల ఊపేస్తారు. అన్నదేమిటో తర్వాత చేతిసైగతో పక్కవాణ్ని అడిగి తెలుసుకుంటారు. ముప్పై ఏళ్లు అలా ఊపీ ఊపీ, చెవులు సగం పోయాక, బాపు ఇంట్లోనూ ఊపేవాడు, దవాఖానాలో డాక్టరు ముందూ ఊపేవాడు. ఇదంతా నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా ఆ ఎండాకాలమంతా ఆ తల నా కోసమే ఊగిందనుకున్నాను.

చదివిన ప్రతి కాగితాన్నీ బాపు అడిగి తీసుకునేవాడు. మడిచి ఘారీ మిఠాయి డబ్బాలో దాచేవాడు. “నువ్వు పాసైన నాడు సాంచ బంద్” అనేవాడు. “మొండిగానికి గూడ జెప్పిన. ఇగ నీ బిడ్డ కుర్సీల కూసుంటది, నువ్వు ఇంట్ల కూసో అన్నడు.”

మొండిగాడంటే మొండయ్య కాక. బాపు పక్క సాంచాలు ఆయనవి. ఒకడు నీళ్లకు పోతే రెండోవాడు రెండు వైపులా చూసుకుంటాడు. ఇరవై ఏళ్ల జోడీ.

ఏప్రిల్‌లో ఆఫీసుకు ఒక పని వచ్చింది. సాంచా కార్మికుల కోసం కార్ఖానాల యజమానుల సంఘం పెట్టిన ప్రమాద బీమా ఒకటుంది. దాని లెక్కలు చూసేది మేమే. యాభై అయిదు దాటినవాళ్లు జూన్ నెలాఖరులోగా ఒప్పుకోలు ఫారం నింపి, వయసు కాగితం జతచేసి ఇవ్వాలని బీమా కంపెనీ కొత్త షరతు పెట్టింది. ఇవ్వకపోతే జూలై నుంచి పేరు తీసేస్తారు. ఆ సంగతి కార్మికులకు తెలియజేసే ఉత్తరం మేం తయారు చేయాలి.

“గుజరాతీ, హిందీ చాలు” అన్నాడు జరీవాలా సార్.

“తెలుగులోనూ ఇద్దాం సార్. మావాళ్లు వేలమంది ఉన్నారు. నేను రాస్తాను.”

“ఒడియావాళ్లు ఇంకా ఎక్కువ. వాళ్లకెవరు రాస్తారు?”

“వాళ్లకు రాసేవాళ్లు లేరు సార్. మాకు నేనున్నాను.”

ఎంత పొగరుగా అన్నానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన నవ్వి, రాయమన్నాడు. రాశాక ఇద్దరు కార్మికులకు చదివి వినిపించి, వాళ్లకు అర్థమైందో లేదో ఒక నోటు రాసి బీమా కంపెనీకి వెళ్లే ఫైల్లో పెట్టమన్నాడు. పరీక్షకూ పనికొస్తుంది, ఆఫీసుకూ పనికొస్తుంది.

కార్ఖానా సెలవు రోజున మొండయ్య కాక మా ఇంటికి వచ్చాడు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఉత్తరం చదివాను. అందులో పెద్ద మాట ఒక్కటి లేదు. “అన్నా, మీకు యాభై అయిదు దాటిందా? అయితే ఈ కాగితం మీకే” అని మొదలవుతుంది. అంత బాగా నేను మళ్లీ ఎప్పుడూ రాయలేదు.

“అర్థమైందా బాపు?”

బాపు తల ఊపాడు.

“కాకా, నీకు?”

“మీ బాపు ఊపిండంటె నేను ఊపినట్టే” అన్నాడు మొండయ్య కాక. “గీ పారి మా బిడ్డ పాసుగాకపోతె ఆ పరీక్ష పెట్టెటోనికే చదువు రానట్టు.”

ఇది పరీక్ష కోసం కాదు, నిజంగానే మీకు రాబోయే కాగితం అని వాళ్లకు చెప్పానా? ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా జవాబు ఒక్కటే. చెప్పలేదు. చెబితే జాగ్రత్తగా వింటారని, జాగ్రత్తగా వింటే ఉత్తరం బలం తెలియదని అనుకున్నాను. అంత తెలివైనదాన్ని.

ఆ సాయంత్రమే నోటు రాశాను. ‘యాభై అయిదు దాటిన ఇద్దరు కార్మికులకు వారి మాతృభాషలో చదివి వినిపించడమైనది. ఇద్దరికీ పూర్తిగా అర్థమైనది.’ కింద సంతకం చేశాను.

మే నెల మొదట్లో మేతాజీ, అంటే కార్ఖానాలో హాజరు రాసే గుమాస్తా, కవర్లు పంచాడు. నా పరీక్షకు ఇంకా వారముంది. అమ్మ తడిగుడ్డ కిటికీకి కట్టి, ఫ్యాను నా వైపే తిప్పి, ఇంటికి ఎవరొచ్చినా గుమ్మంలోంచే పంపేస్తోంది. బాపు పొద్దున వచ్చి, చాయ్ తాగి పడుకోబోతూ ఉంటే పుస్తకం మూయకుండానే, తల ఒక్కటి ఎత్తి గట్టిగా అడిగాను.

“కార్ఖానల కాగితం వచ్చిందా బాపు? సూసినవా?”

“సూసిన.”

“అర్థమైందా?”

“ఎందుకు గాదు? మంచిగుంది. మా దగ్గర అందరు మెచ్చుకున్నరు.”

నాకు ఎంత సంతోషమేసిందో. ఫారం ఇచ్చావా అని అడగాల్సిన చోట అర్థమైందా అని అడిగి, మళ్లీ పుస్తకంలో పడ్డాను. బాపు అబద్ధమాడలేదు. నేనడిగినదానికి జవాబు చెప్పాడు.

పరీక్షలో క్లెయిము తిరస్కరిస్తూ ఒక ముసలాయనకు ఉత్తరం రాయమన్నారు. చేతులు వాటంతటవే టైపు చేశాయి. బయటికి వచ్చి అమ్మకు ఫోను చేసి, ఈసారి పాస్ అన్నాను.

జూలై రెండో వారంలో, వాన పట్టుకున్న రోజున, రాత్రి పాళీ దిగే వేళకు, మొండయ్య కాక సాంచాలో అటూ ఇటూ దారం మోసే షటిల్ ఎగిరి ఆయన కుడికంట్లో తగిలింది.

బాపే ఆయన్ను రిక్షాలో దవాఖానాకు తీసుకుపోయాడు. నేను ఆఫీసు నుంచి వెళ్లేసరికి కన్ను ఇక లేదని డాక్టర్లు చెప్పేశారు. కాక భార్య నర్సవ్వ చిన్నమ్మ వరండాలో తడిసిన చీరతోనే కూర్చుని ఉంది. బాపు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

“రంది పెట్టుకోకు చిన్నమ్మా. బీమా ఉంది. నేనే చూస్తా” అన్నాను.

“నువ్వున్నవన్న ధైర్నమే బిడ్డా” అని ఆమె నా చెయ్యి పట్టుకుంది.

మర్నాడు ఆఫీసులో జాబితా తెరిచాను. మొండయ్య కాక పేరు లేదు. కిందికి చూస్తే సోమలింగం పేరూ లేదు. ఆ కార్ఖానాలో యాభై అయిదు దాటిన తెలుగువాళ్లు ఏడుగురు. ఏడుగురి పేర్లూ లేవు. ఒడియావాళ్ల పేర్లు మాత్రం అన్నీ ఉన్నాయి. మేతాజీకి ఫోను చేశాను.

“వాళ్లకు ఆ కాగితం చదవడం రాదు కదా బేన్” అన్నాడు మేతాజీ. “వచ్చి నా ప్రాణం తీశారు. ఇదేంటి, ఇదేంటి అని. నేనే కూర్చుని ఫారాలు నింపాను. మీవాళ్లు ఒక్కరూ అడగలేదు. మీవాళ్లకు చదువొచ్చు కదా.”

ఇంటికి వెళ్లి అలమర మీది ఘారీ డబ్బా దింపాను. నా ఉత్తరాలన్నీ ఉన్నాయి. బోనస్ తగ్గిందని చెప్పేవి, ప్రీమియం పెరిగిందని చెప్పేవి, ముప్పై పైనే. అన్నిటికీ పైన యజమానుల సంఘం ముద్ర ఉన్న కవరు. లోపల నా ఉత్తరం. దానికి పిన్ను చేసిన ఫారం ఖాళీగా ఉంది.

నిద్రపోతున్న బాపును లేపాను. కవరు చూపించాను.

“అది నువ్వు రాసిందే గదా” అన్నాడు కళ్లు నులుముకుంటూ. “నాకు సదివినవు గదా. మొదటి మాటనే గుర్తువట్టిన.”

“ఇది నిజం కాగితం బాపు. ఫారం నింపి ఇయ్యాలె.”

బాపు నా పెదవుల వైపే చూశాడు. మళ్లీ చెప్పాను. ఈసారి తల ఊపలేదు. స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు.

“అందరు నన్నడిగిన్రు” అన్నాడు. “అన్నా, గిదేంది అని. ఇది మా బిడ్డ పరీక్షకు రాసింది, కంపెనోళ్లు మెచ్చి అచ్చేసిన్రు, దాసుకోన్రి అన్న. మొండిగాడు ఫారం సూసి, దీన్నేం జేద్దామన్నడు. అది గూడ పరీక్షదేరా అన్న.”

అమ్మ స్టవ్ ఆపేసింది. ఆమె ఏదైనా అని ఉంటే బాగుండేది.

జరీవాలా సార్ దగ్గరికి కవరుతో సహా వెళ్లాను. జరిగినదంతా చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు. బీమా కంపెనీకి నా ముందే ఫోను చేసి గట్టిగానే మాట్లాడాడు. రెండు రోజులకు వాళ్ల జవాబు వచ్చింది. ఆయన దాన్ని నా ముందుకు తోశాడు. కార్మికులకు సమాచారం వారి సొంత భాషలో అందింది. ముందుగా ఇద్దరికి చదివి వినిపించి, పూర్తిగా అర్థమైనట్టు నిర్ధారించుకున్న నోటు ఫైల్లో ఉంది. అందువల్ల తెలియలేదన్న మాట చెల్లదు.

“ఆ నోటు తప్పు సార్” అన్నాను. “మా బాపుకు సరిగ్గా వినపడదు. ఏం చెప్పినా తల ఊపుతాడు. మొండయ్య కాక మా బాపును చూసి ఊపాడు. అది నాకు తెలుసు.”

“తెలిసే రాశావా?”

నేను ఆ జవాబు కాగితాన్ని బోర్లా తిప్పాను.

“చూడు హారతిబేన్. ఆ మాట రాతలో ఇస్తే వాళ్లు మళ్లీ ఆలోచించక తప్పదు. కానీ అప్పుడు నువ్వు తప్పుడు నోటు మీద సంతకం చేసినట్టవుతుంది. అది మీ పరీక్షలు పెట్టే ఇన్‌స్టిట్యూట్ దాకా పోతుంది. నీ ఫలితం ఇంకా రాలేదు. ఇవ్వాలా వద్దా నువ్వే చెప్పు. నేను ఆపను.”

నిజంగానే ఆపలేదు. తెల్లకాగితం ఒకటి తీసి నా ముందు పెట్టి, టీ తాగడానికి కిందికి వెళ్లాడు. ఆయన తిరిగి వచ్చేదాకా ఆ కాగితం తెల్లగానే ఉంది.

పది రోజులకు ఫలితం వచ్చింది. పాస్. ఆఫీసులో పేడా మిఠాయిలు పంచారు. నా వంతు మిఠాయి పెట్టె ఇంటికి తెచ్చి అలమరలో చీరల వెనక పెట్టాను. అమ్మ చూసింది. తెరవలేదు.

ఆ రోజు సాయంత్రం నర్సవ్వ చిన్నమ్మ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప బయటే నిలబడింది.

“వదినా, మీ ఇంట్ల సదువుకున్న పిల్ల ఉండుడే మా పాపమైంది” అంది అమ్మతో. అరవలేదు, ఏడవలేదు. “ఎవలు లేకుంటె మేము గూడ ఆ మేతాజీ కాళ్లు వట్టుకొని అడుగుదుము.”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నమ్మ సందు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి, లోపలికి వచ్చి నా వైపు తిరిగింది. “నాకు సదివితె నేను అడుగుదును గదనే. ఫారం ఎందుకు, ఎవలకియ్యాలె, ఎన్నడియ్యాలె, అన్నీ అడుగుదును. నాకు తెల్వదని నన్ను ఇడిసిపెడితివి.”

బాపు సాంచా బందు చేయలేదు. నేను పాసైన సంగతి అమ్మ చెబితే విన్నాడో లేదో, అన్నం కలుపుతూనే ఉన్నాడు. మొండయ్య కాక సాంచాలు వేరేవాళ్లకు పోకుండా తనవి, ఆయనవి కలిపి ఒక్కడే నడపడం మొదలుపెట్టాడు. పొద్దున ఏడున్నరకు రావలసిన మనిషి తొమ్మిదికి వచ్చేవాడు. స్టూలు మీద కూర్చోవడం మానేశాడు. నా మొహంలోకి చూడటమూ మానేశాడు. చూడకపోతే ఆయనకు నేను చెప్పేది తెలియదు. నాతో మాట్లాడకుండా ఉండటానికి ఆయనకు అంతకన్నా ఏమీ చేయాల్సిన పని లేదు.

ఆగస్టులో మొండయ్య కాకకు తిరస్కరణ ఉత్తరం పంపాల్సి వచ్చింది. “తెలుగులో నువ్వే రాయి” అన్నాడు జరీవాలా సార్. “కాస్త మనసు పెట్టి రాయి. ఇలాంటివి నీకంటే బాగా ఎవరూ రాయలేరు.” ఆయన ఎగతాళికి అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

రాశాను. మూడు రోజులు రాశాను. నాలుగో రోజు పొద్దున బాపు వచ్చేదాకా గడప దగ్గర కూర్చున్నాను. స్టూలు వేసి, చేత్తో చూపించాను. ఏమనుకున్నాడో, కూర్చున్నాడు. సాసర్‌లో చాయ్ పోసి ఇచ్చాను. కాగితం తీసి చదివాను.

“మొండయ్యన్నా, మీ కన్ను పోయినందుకు మాకు చాలా బాధగా ఉంది. మీ పేరు జూలై నుంచి బీమాలో లేదు. ఎందుకు లేదో చెబుతాను. ఫారం కాగితాన్ని ముందే ఇద్దరికి చదివి వినిపించి, వాళ్లకు అర్థమైందని రాసుకున్నారు...”

ఆఖరుదాకా నా పెదవుల మీదినుంచి చూపు తిప్పలేదు. చాయ్ ముట్టలేదు.

“అర్థమైందా బాపు?” అన్నాను. అలవాటుగా వచ్చేసింది.

“లే” అన్నాడు. “అర్థం గాలే.”

మళ్లీ చదివాను. నిదానంగా, ఒక్కో మాటా.

“అర్థం గాలే.”

అమ్మ లోపలినుంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

“ఆ దినం నేను తల ఊపింది ఉత్తదే అని మీ సార్‌కు జెప్పినవా?” అన్నాడు బాపు.

“చెప్పిన.”

“రాసిచ్చినవా?”

ఆయన సాసర్ కింద పెట్టాడు. నా చేతిలో కాగితం తీసుకుని, వెనక్కి తిప్పి, నా ఒళ్లో పెట్టాడు. చొక్కా జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు.

“నేను ఊపింది రాసుకున్నరు గదా. ఇది గూడ రాసుకో. సోమలింగానికి అర్థం గాలేదని రాసుకో. తారీకు ఎయ్యి.”

రాశాను. తారీకు వేశాను. బాపు కింద సంతకం చేశాడు. ఐదో తరగతి అక్షరాలు, ఒక్కొక్కటీ కూడబలుక్కుని. లేచి చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అవతలి వైపున్న ఉత్తరాన్ని ఆఫీసులో మళ్లీ అచ్చు తీయించి మొండయ్య కాకకు పంపాను. బాపు సంతకం పెట్టిన కాగితం మాత్రం రెండుసార్లు జరీవాలా సార్ బల్ల దాకా తీసుకెళ్లి, ఇవ్వకుండానే తిరిగి తెచ్చాను. ఇప్పుడది ఘారీ డబ్బాలో ఉంది, నా పరీక్ష ఉత్తరాల మీద.